పాపకు స్కాలర్‌షిప్ ఒక్కటే చాలదన్నా, పేరు పెట్టి పిలిచే ఒక సారో మేడమో కావాలి

ఆదోని నుంచి ఒక తండ్రి రాశారు. పత్తి యార్డులో హమాలీ పని. కూతురికి ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 983 వచ్చాయి, ఎంసెట్ రోజుల్లో జ్వరం పడి ర్యాంకు ఎక్కడికో పోయింది, ఈ ఏడాది కర్నూలులో బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరి బీసీ హాస్టల్లో ఉంటోంది. "బీఎస్సీ చదివితే ఏమొస్తుంది, మానిపించి మళ్లీ ఎంసెట్ రాయించు అని చుట్టాలు పోరు పెడుతున్నారు సార్. ఫీజు డబ్బులు ఎప్పుడు పడతాయో తెలీక టెన్షన్‌గా ఉంది. ఇంకేమైనా స్కాలర్‌షిప్ వస్తుందా?" అని అడిగారు.

అన్నా, ముందు ఒక మాట. పాపకు ఫిజిక్స్ ఇష్టమా కాదా అనేది మీరు రాసినదాంట్లో ఎక్కడా లేదు. చుట్టాలు ఏమన్నారో ఉంది, ఫీజు సంగతి ఉంది, పాప ఏమంటోందో లేదు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు అడగండి. ఇష్టమే అంటే మాత్రం మానిపించొద్దు. ఎందుకంటే మీరు నష్టం అనుకుంటున్న బీఎస్సీకే ఒక పెద్ద స్కాలర్‌షిప్ ఉంది, బీటెక్ పిల్లలకు అది లేదు.

దాని పేరు ఇన్‌స్పైర్ షీ, షీ అంటే స్కాలర్‌షిప్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్. కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇస్తుంది. పేరు చూసి ఆడపిల్లలకే అనుకోవద్దు, మగపిల్లలకూ ఇస్తారు. ఇంటర్ బోర్డులో టాప్ 1 శాతంలో ఉండి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జువాలజీ లాంటి సైన్స్ సబ్జెక్టుల్లో డిగ్రీ చేరినవాళ్లకు ఏడాదికి 80,000 రూపాయలు. ఆదాయ పరిమితి లేదు, మార్కులే చూస్తారు. 983 అంటే ఆ 1 శాతంలో పడే అవకాశం గట్టిగా ఉంది, బోర్డు వారీగా కటాఫ్ వాళ్ల వెబ్‌సైట్లోనే పెడతారు, ఈ రోజే చూసుకోండి. అయితే మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి. తర్వాత గుర్తొచ్చి తలుపు తడితే తీయరు. మార్కుల మెమో, టెన్త్ సర్టిఫికెట్, ప్రిన్సిపల్ సంతకంతో ఎండార్స్‌మెంట్ కాగితం, అంటే పాప ఈ కాలేజీలో ఈ కోర్సు చదువుతోందనే ధ్రువీకరణ కావాలి.

ఆ 80,000లో 60,000 పాప ఖాతాకు వస్తాయి. మిగతా 20,000 ఊరికే రావు. వేసవి సెలవుల్లో ఒక ప్రొఫెసర్ దగ్గరో, శాస్త్రవేత్త దగ్గరో ఆరేడు వారాలు ప్రాజెక్టు చేసి, రిపోర్టు రాసి, ఆయన సంతకం చేయించుకొస్తేనే. చాలామంది పిల్లలు దీన్ని ఒక తలనొప్పి అనుకుంటారు గానీ, నన్నడిగితే ఆ 60,000 కన్నా ఈ 20,000 విలువైనది. ఎందుకంటే హమాలీ ఇంటి పిల్లకు యూనివర్సిటీ ల్యాబ్ తలుపు తెరిపించే కాగితం అదొక్కటే. ఇంట్లో డాక్టరో లెక్చరరో ఉన్న పిల్లలకు ఆ తలుపు వేరే దారిలో తెరుచుకుంటుంది, మన పిల్లలకు అలా కాదు.

ఇది నా అనుభవంతో చెప్తున్నాను. నేను అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు మొదటి ఏడాది స్కాలర్‌షిప్ వచ్చింది. రెండో ఏడాది రెన్యువల్ చేసుకోవాలని నాకు తెలీదు, నోటీసు బోర్డులో కాగితం అంటించారట, నేను చూసేసరికి తేదీ దాటిపోయింది, ఆ ఏడాది ఫీజుకు మా అమ్మ చెవి కమ్మలు తాకట్టుకు పోయాయి. నలభై మంది క్లాసులో ఏ లెక్చరర్‌కూ నా పేరు తెలీదు, తెలిసుంటే "ఏమయ్యా, రెన్యువల్ చేశావా" అని ఒక్కరైనా అడిగేవాళ్లు. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఇంత పొడవుగా రాస్తున్నాను.

అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాళ్లు ఎస్-స్టెమ్ అనే పథకం నడుపుతారు, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి సైన్స్, ఇంజినీరింగ్ చదివే పిల్లలకు. ఆ డబ్బు హెచ్-1బీ వీసా దరఖాస్తులకు కంపెనీలు కట్టే ఫీజుల నుంచి వస్తుంది, మన ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లల దరఖాస్తుల ఫీజు కూడా అందులో ఉంటుందన్నమాట. మనవాళ్లు ఇక్కడి నుంచి దానికి అప్లై చేయలేరు, నేను చెప్పేది అందుకు కాదు. ఆ పథకంలో డబ్బిచ్చి వదిలేయరు, ప్రతి విద్యార్థికీ ఒక ఫ్యాకల్టీ మెంటర్, అంటే దగ్గరుండి దారి చూపే లెక్చరర్ ఉండాల్సిందే. డబ్బు, మనిషి రెండూ కలిస్తేనే పిల్ల చదువు నిలబడుతుందని వాళ్లు నిబంధనే పెట్టుకున్నారు. మన దగ్గర అలా ఎవరూ కేటాయించరు కాబట్టి పాపే వెతుక్కోవాలి.

ఎలాగంటే, ఎవరి క్లాసు బాగా అర్థమవుతుందో ఆ సారు దగ్గరికో మేడమ్ దగ్గరికో ఒక లెక్క పట్టుకుని వెళ్లమనండి. "నాకు గైడెన్స్ కావాలి సార్" అంటే ఆయనకూ ఏం చెప్పాలో తెలీదు. "ఈ లెక్క ఇక్కడిదాకా వచ్చింది, తర్వాత ఆగిపోయాను" అంటే కుర్చీ చూపిస్తారు. రెండోసారి, మూడోసారి వెళ్తే పేరు గుర్తుంటుంది. మన పిల్లలు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడి తిరిగొచ్చేస్తారు, మొదటి వారం స్నేహితురాల్ని తోడు తీసుకెళ్లినా తప్పేం లేదు. ఒకరు విసుక్కుంటే ఇంకొకరి దగ్గరికి. డిసెంబరు లోపు ఒక్కరు కుదిరితే చాలు, ఎండాకాలం ప్రాజెక్టుకు ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి మెయిల్ రాయాలో వాళ్లే చెప్తారు. కర్నూలులోనే రాయలసీమ యూనివర్సిటీ ఉంది, జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది, అనంతపురం వెళ్తే కృష్ణదేవరాయ యూనివర్సిటీ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల సమ్మర్ ఫెలోషిప్ కూడా ఉంది, దానికి లెక్చరర్ రాసిచ్చే సిఫారసు లేఖ కావాలి. పాపను తెలియని మనిషి ఆ లేఖలో ఏం రాస్తారు చెప్పండి.

బీఎస్సీ తర్వాత ఏమొస్తుందని అడిగేవాళ్లకు మీరు చెప్పండి. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంటే ఐఐటీల్లో ఎమ్మెస్సీ, తిరుపతి ఐఐటీలో కూడా. ఆ తర్వాత నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే జూనియర్ ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 ఫెలోషిప్. దారి పొడుగే, ఇంటికి సంపాదన ఆలస్యంగా వస్తుంది, అది దాచను. చిన్న పిల్లలు ఇంకా ఇంట్లో ఉండి, మూడు నాలుగేళ్లలో పాప జీతం తప్పనిసరి అయితే అప్పుడు బీటెక్ మాట ఆలోచించండి. అప్పుడు ఇంజినీరింగ్ కాలేజీలను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ మర్చిపోవద్దు, ఆడపిల్లలకు ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి.

మిగతావి త్వరగా చెప్తాను. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు హాజరు 75 శాతం తగ్గకూడదు, పండగలకు ఊరొచ్చి వారం ఉండిపోయే పని పెట్టుకోవద్దు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో సెంట్రల్ సెక్టార్ స్కీమ్ అని ఏడాదికి 12,000ది కనిపిస్తుంది, కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు అది వర్తించదు, నెట్ సెంటర్ అబ్బాయి అన్నీ కొట్టేస్తానంటే ఆపండి. రిలయన్స్ ఫౌండేషన్‌ది మొదటి ఏడాది డిగ్రీ పిల్లలకే, ఆన్‌లైన్‌లో పరీక్ష ఉంటుంది, మొత్తం కోర్సుకు 2 లక్షల దాకా ఇస్తారు, రాయించండి. స్కాలర్‌షిప్ ఇప్పిస్తానని డబ్బులు అడిగినవాడికీ, ఓటీపీ అడిగినవాడికీ ఫోన్ పెట్టేయండి.

ఇక బ్యాంకు పని. పాప పేరు మీద ఉన్న ఖాతాకు ఆధార్ సీడింగ్ (ఆధార్ నంబరు జోడించడం) అయిందా, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాకు పోవాలో చూసే ఎన్‌పీసీఐ రికార్డులో ఆ ఖాతానే చూపిస్తోందా అని బ్యాంకులో అడగండి, పాత జీరో బ్యాలెన్స్ ఖాతాకు లింకై ఉండి డబ్బులు అందులో పడి తెలియకుండా ఉన్నవాళ్లను చాలామందిని చూశాను. వెళ్లేముందు ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ ఇంటిపేరు, స్పెల్లింగ్ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే టెన్త్ మెమోలో ఉన్నట్టే ఆధార్‌ను మార్పించండి, అప్లికేషన్ తేదీలు దాటకముందే.