స్టేషన్ మాస్టర్‌గా చేరబోతున్న శిరీషకు

చి. శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

స్టేషన్ మాస్టర్‌గా నీకు సింగిల్ లైన్ మీద పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం వీధిలో కనపడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజర్‌ను ఇంకొకటి వెనక నుంచి గుద్దింది. అక్కడ మూడు లైన్లున్నాయి. నీ దగ్గర ఒక్కటే. పొరపాటు జరిగితే ఎదురెదురుగానే.

నైట్ డ్యూటీకి ముందు పగలు పడుకో. వేళకు తిను. పట్టాల పాయింట్లు చూసే పాయింట్స్‌మన్‌ను గౌరవంగా పిలువు, రూల్ దగ్గర మాత్రం మొహమాటపడకు.

ఇక అసలు సంగతి. 1921 జనవరి 26, వేల్స్‌లోని అబర్మ్యూల్ అనే చిన్న స్టేషన్. అక్కడ సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైన్‌లోకి, వెళ్లే బండికి అనుమతి గుర్తుగా టాబ్లెట్ అనే బిళ్ల ఒకటి ఇచ్చేవారు, మన బాల్ టోకెన్ అనే లోహపు బంతి లాంటిదే. అది ఏ సెక్షన్‌దో దాని మీదే చెక్కి ఉంటుంది. ఒకటి బయటుండగా యంత్రం అదే సెక్షన్‌కు రెండోది ఇవ్వదు. ఆ రోజూ యంత్రం తప్పు చెయ్యలేదు. న్యూటౌన్ నుంచి వస్తున్న ఎక్స్‌ప్రెస్ దగ్గర న్యూటౌన్–అబర్మ్యూల్ సెక్షన్ టాబ్లెట్ ఉంది. ఇటు మాంట్‌గోమరీ వైపు నుంచి వచ్చిన ప్యాసింజర్ డ్రైవర్ తను తెచ్చిన మాంట్‌గోమరీ–అబర్మ్యూల్ టాబ్లెట్ అప్పగించాడు. పని నేర్చుకుంటున్న కుర్రాడు దాన్ని ఆఫీసుకు తీసుకెళ్తూ, దారిలో కనిపించిన రిలీఫ్ స్టేషన్ మాస్టర్ (అసలాయన బదులు పనిచేస్తున్నాయన) చేతిలో పెట్టాడు. ఆయన అది ఇక వెళ్లాల్సిన న్యూటౌన్ సెక్షన్‌ది అనుకుని, తెచ్చిన డ్రైవర్‌కే తిరిగి ఇచ్చేశాడు. డ్రైవరూ చదవలేదు. బండి కదిలింది. ఇంకో మైలు వెళ్లేసరికి రెండూ ఢీకొన్నాయి. 17 మంది పోయారమ్మా. అన్ని చేతులు మారింది, ఒక్కరైనా ఆ పేర్లు చదివి ఉంటే!

అందుకే నా డ్యూటీ రోజుల్లో బాల్‌ను సంచిలో పెట్టే ముందు లాంతరు దగ్గర పట్టుకుని, దాని మీది అక్షరాలు పైకి చదివేవాణ్ణి. వేసవి సెలవుల్లో నువ్వొకసారి ఆ సంచి తగిలించే టోకెన్ రింగు మెళ్లో వేసుకుని ప్లాట్‌ఫాం మీద పరిగెత్తావు. నేను కేకలేస్తే ఏడుస్తూ పెద్దమ్మ వెనక దాక్కున్నావు. నీ మీద కోపం కాదు తల్లీ, హడలిపోయాను.

నీకు ఆ బాల్ ఉండదు. లైన్ క్లియర్, అంటే అవతలి స్టేషన్ అనుమతి, రానిదే బండిని సెక్షన్‌లోకి వదిలే ఆఖరి సిగ్నల్ రాదు. బాగానే ఉంది. కానీ ఆ అనుమతి తెచ్చే బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ ఫెయిలైన రాత్రి సంగతి? అప్పుడు ఫోన్‌లో లైన్ క్లియర్, దానికి రుజువుగా అవతలి స్టేషన్ చెప్పే ప్రైవేట్ నంబర్, డ్రైవర్‌కు ఇవ్వడానికి చేత్తో రాసిన పేపర్ టికెట్. అంటే మళ్లీ అబర్మ్యూలే. నంబర్ విన్నది విన్నట్టు రాసుకుని, తిరిగి చదివి వినిపించు. టికెట్ మీద బండి నంబర్, స్టేషన్ల పేర్లు నువ్వు చదివాకే సంతకం పెట్టు. "బండి వచ్చేసింది మేడమ్" అని ఎవరన్నా చాలదు, బండి మొత్తం వచ్చిందనడానికి గుర్తుగా చివరి పెట్టె వెనక ఉండే టెయిల్ ల్యాంప్ కళ్లారా చూడు. బండ్ల రాకపోకలు చూసే కంట్రోలర్ తొందరపెడతాడు. పెట్టనీ. లేటుకు సంజాయిషీ రాసుకోవచ్చు.

బండ్లు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకు వేసే కవచ్ వస్తోంది కదా అంటావు. 2022లో గుల్లగూడ–చిట్టిగిద్ద మధ్య దాన్ని పరీక్షించి చూపించినప్పుడు ఎంతో సంతోషించాను. నీ సెక్షన్‌కు వచ్చినా సరే, చదవడం మానకు.

చేరే తేదీ తెలియగానే చెప్పు. క్వార్టర్ సర్దడానికి నేనూ పెద్దమ్మా వస్తాం. నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రం సిగ్నళ్లు వేసే ప్యానెల్ రూమ్‌లోకి బయటివాళ్లెవరినీ రానివ్వకు, నన్నైనా సరే.

మీ పెదనాన్న