మా నాన్న మాటలన్నీ రైల్లోనే ఉండిపోయాయి

ప్రశ్న: "నాన్న పోయి మూడు నెలలైంది. ఆయన ఇంట్లో ఎక్కువగా మాట్లాడేవారు కాదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన గురించి నాకు అసలేమీ తెలియదనిపిస్తోంది. మీలో ఎవరికైనా ఇలా అనిపించిందా?"

అనిపించింది. 2017లో నాన్న పోయిన నాలుగో రోజున సరిగ్గా ఇదే మాట మా అమ్మతో అన్నాను. అమ్మ బదులు చెప్పలేదు, నా తల నిమిరి లోపలికి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి నాకు తెలియని నాన్న ఒకరున్నారని తెలిసింది. ఎలాగో చెబుతాను, మీకు కాస్త పనికొస్తుందేమో చూడండి.

మాది గుంటూరు కొత్తపేట. నాన్న విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో పద్దులు రాసేవారు. 1984లో చేరారు, 2015లో మానేశారు. మధ్యలో కొట్టు మారలేదు, ఆయన కూర్చునే రాతబల్ల మారలేదు. కాపురం విజయవాడకు మారుద్దామని అమ్మ అడుగుతూనే ఉండేది. అక్కడి అద్దెలకు భయపడి నాన్న ఒప్పుకోలేదు. సీజన్ టికెట్టు తీసుకుని ప్యాసింజర్ రైల్లో రోజూ వెళ్లి వచ్చేవారు. పొద్దున ఏడు కొట్టక ముందే సైకిల్ గడప దాటించే చప్పుడు, రాత్రి తొమ్మిదిన్నరకు దానికి స్టాండు వేసే చప్పుడు. నా చిన్నతనంలో నాన్నంటే ఆ రెండు చప్పుళ్లే. కాళ్లు కడుక్కునేవారు, భోజనం చేసేవారు, "చదువుకున్నారా" అని ఒక్క మాట అడిగి పడుకునేవారు. ఆదివారం నాడు గొడుగు బాగుచేసుకోవడమో, కుర్చీ కాలు బిగించడమో. కోపం లేదు, ముద్దు లేదు. మాట్లాడితే ఖర్చవుతుందన్నట్టు ఉండేవారు.

పెద్దకర్మ రోజున నలుగురు పెద్దవాళ్లు కలిసి వచ్చారు. మా బంధువుల్లో ఎవరికీ వాళ్లు తెలియదు. వచ్చి నాన్న ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. వాళ్లలో అందరికంటే పెద్దాయన నన్ను చూసి, "నువ్వు పెద్దమ్మాయివి కదూ, బల్లిని చూస్తే హడలిపోయేదానివి" అన్నారు. ఇంకొకాయన మా తమ్ముడి ఎడమ చెయ్యి పట్టుకుని, "జామచెట్టు మీద నుంచి పడితే విరిగింది ఈ చెయ్యేనా?" అని మోచేతి దగ్గర తడిమి చూశారు. తమ్ముడు నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మకూ ఏమీ తెలియదు.

వాళ్లు నాన్నతో రైల్లో వెళ్లిన వాళ్లు. ఒకాయన మందుల కొట్టులో పనిచేసేవారు, ఒకాయన బడిపంతులు, తక్కిన ఇద్దరూ గుమస్తాలు. ఎవరు ముందు ఎక్కితే వాళ్లు కిటికీలోంచి రుమాలు వేసి మిగతా వాళ్లకు సీట్లు ఆపేవారట. పక్క బల్లల మీద పేకాట నడుస్తుంటే ఈ ఐదుగురూ మాత్రం కబుర్లు చెప్పుకునేవారట. "మాలో ఎక్కువ మాట్లాడేది మీ నాన్నే" అన్నారు పంతులుగారు. వేరే ఎవరి గురించో చెబుతున్నారనుకున్నాను.

భోజనాలకు కూర్చున్నారు. విస్తళ్లలో గారెలు వేస్తూ వస్తున్నాను. పెద్దాయన విస్తరిలో రెండు గారెలు పెట్టాను. ఆయన ఒకటి తుంచి, నోటి దాకా తీసుకెళ్లి, మళ్లీ విస్తరిలో పెట్టేశారు. పక్కనున్న ముగ్గురూ తలలు వంచుకున్నారు. ఉప్పు ఎక్కువైందేమోనని కంగారుపడి అడిగాను. "కాదు తల్లీ. మీ నాన్నను మేం పిలిచే పేరే గారేలు" అన్నారాయన. గారెలు కాదు, గారేలు. దీర్ఘం ఒత్తి మరీ పలికారు.

నాకు ఆరేళ్లప్పటి మాట అది. ఒకరోజు అమ్మ సాయంత్రానికి గారెలు వండుతానంటే, నేను పలక మానేసి కొత్తగా కాగితం మీద రాయడం నేర్చుకున్న సంబరంలో ఒక చీటీ రాసి నాన్న క్యారియర్ పైగిన్నెలో పెట్టానట. "నాన్నా గారేలు చేస్తాం తొందరగా రా." మధ్యాహ్నం అన్నం తినబోతూ నాన్న చూసుకున్నారు. ఆ సాయంత్రం రైల్లో ఐదుగురి చేతులూ తిరిగింది ఆ చీటీ. పెరుగు మరక పడి "తొందరగా" అన్న మాట సగం చెరిగిపోయిందని కూడా పెద్దాయనకు గుర్తుంది. ఆ రోజు వంతెన దాటాక కృష్ణా కెనాల్ స్టేషన్‌లో రైలు ఆగిపోయింది. అరగంట గడిచింది, గంట అయింది, కదలలేదు. నాన్న తలుపు దగ్గరికి వెళ్లడం, తొంగి చూడటం, వచ్చి కూర్చోవడం, మళ్లీ లేవడం. చివరికి క్యారియర్ చేత్తో పట్టుకుని దిగిపోయారట. తాడేపల్లి రోడ్డు మీదికి నడిచి గుంటూరు బస్సు అందుకుంటానన్నారట. జేబులో పాసు పెట్టుకుని బస్సుకు వేరే డబ్బులు పెట్టే మనిషి కాదు ఆయన. నాన్న దిగిన పది నిమిషాలకే రైలు కదిలింది. వీళ్లే ముందు గుంటూరు చేరారు. మర్నాటి నుంచి ఆయన పేరు గారేలు. పదవీ విరమణ చేసినవాళ్లు కలిసినప్పుడు కూడా అదే పేరు.

ఆ సాయంత్రం నేనేం చేశానో నాకు గుర్తులేదు. అమ్మకు గుర్తుంది. ఎదురుచూసి చూసి నిద్రపోయానట. నాన్న చొక్కా వీపుకు అతుక్కుపోయి వచ్చారట. ఇంత చెమటేమిటని అడిగితే "ఉక్కగా ఉంది" అన్నారట, అంతే. చల్లారిన గారెలు నా మంచం పక్కనే పీట వేసుకుని కూర్చుని తిన్నారట. అమ్మ ఆ సంగతి పాతికేళ్లు తన దగ్గరే ఉంచుకుంది, దానికి ముందు భాగం ఆమెకు తెలియదు గనుక. వెనుక భాగం ఆ నలుగురికి తెలియదు. విస్తళ్ల ముందు రెండూ కలిశాయి. అమ్మ ఏడ్చింది ఆ రోజే. అంతకుముందు పది రోజులూ ఏడవలేదు.

తరువాత నేను లెక్క వేశాను. రాకపోకలకు రోజుకు రెండు గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు, 31 ఏళ్లు. 18,600 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి రెండేళ్లకు పైగా నాన్న రైల్లోనే ఉన్నారు. మేం అనుకున్నట్టు అది దారిలో పోయిన కాలం కాదు. ఆయన మాట్లాడింది అక్కడే. ఇంటికి వచ్చేసరికి మాటలు అయిపోయేవి.

అసూయ పడలేదని చెప్పను. మాకు చెప్పాల్సినవి వాళ్లకు చెప్పారని కొన్ని నెలలు నొచ్చుకున్నాను. మీకూ అలా అనిపించవచ్చు, అనిపిస్తే కంగారుపడకండి. ఇప్పుడు నాకు వేరేగా తోస్తోంది. రోజంతా ఇతరుల పద్దులు రాసి, రాత్రి నలుగురి బరువు మోయాల్సిన ఇంటికి వస్తున్న మనిషికి మధ్యలో ఆ గంట లేకపోతే ఏమయ్యేవారో. ఆ గంటలో ఆయన చెప్పుకున్నదంతా మా గురించే కదా.

ఆ శీతాకాలంలో ఒకసారి పెద్దాయన్ను వెంటబెట్టుకుని అదే రైలెక్కాను. పెదకాకాని, నంబూరు దాటి, మంగళగిరి కొండ కనిపించగానే ఆయన పానకాలస్వామికి దండం పెట్టుకున్నారు. కృష్ణ వంతెన మీద నన్ను ఎడమ కిటికీ వైపు జరగమన్నారు. ఎగువన ప్రకాశం బ్యారేజీ, దాని వెనక ఇంద్రకీలాద్రి. "మీ నాన్న రోజూ ఇటే కూర్చునేవాడు. బ్యారేజీ పూర్తయింది 1957లో, తను పుట్టిందీ ఆ ఏడే. నాకూ దానికీ ఒకటే వయసు, ఎవరు ముందు పడిపోతామో చూద్దామనేవాడు" అన్నారు. అరవై ఏళ్లకే నాన్న వెళ్లిపోయారు. పెద్దాయన తన జేబులోంచి ఒక రూపాయి బిళ్ల తీసి నా చేతిలో పెట్టారు. నదిలో వేశాను. ఇద్దరం విజయవాడ దాకా ఇంకేమీ మాట్లాడుకోలేదు.

పెద్దాయన ఆ తరువాత తన కొడుకు దగ్గర ఉండటానికి విజయవాడ సింగ్‌నగర్ వెళ్లిపోయారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఆ ప్రాంతమంతా మునిగినప్పుడు ఆయన ఫోను రెండు రోజులు పలకలేదు. మూడో రోజు మా తమ్ముడు నీళ్లు, బ్రెడ్డు, మందులు తీసుకుని సింగ్‌నగర్ వంతెన దగ్గర నిలబడి, వచ్చే పడవల్లో ప్రతి ముఖమూ చూశాడు. సాయంత్రానికి ఆయన దిగారు, కోడలి భుజం పట్టుకుని. తమ్ముణ్ణి గుర్తుపట్టి ముందుగా వాడి ఎడమ చెయ్యే పట్టుకున్నారట. పది రోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక రోజుకో రైలు కబురు చెప్పారు. నాన్న పెళ్లిచూపుల సంగతి అమ్మ ముందే చెబితే అమ్మ చెంగు అడ్డుపెట్టుకుని నవ్వింది.

మీ నాన్నగారికీ ఇలాంటి ఒక రైలు ఉండే ఉంటుంది. టీ కొట్టు కావచ్చు, పొద్దున నడకకు వెళ్లిన పార్కు కావచ్చు, క్షవరం చేయించుకునే చోటు కావచ్చు. వాళ్లంతా ఆ వయసు వాళ్లే అయివుంటారు కాబట్టి ఆలస్యం చేయకండి. ఆయన ఫోనులో ఎక్కువసార్లు మాట్లాడిన నంబర్లు చూడండి, ఫోను చేసి నేను ఫలానా వారి బిడ్డనని చెప్పండి. పెద్ద ప్రశ్నలేమీ అడగక్కర్లేదు. నాన్న రైలు స్నేహితులు నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్లను నేను అడగకుండా వదిలేసిన సంగతులు ఎన్నో ఉన్నాయి.

ఆ చీటీ కోసం నాన్న ట్రంకుపెట్టె అంతా వెతికాను. పాసు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు దొరికింది. అందులో ఆఖరి పాసు, చిన్న దుర్గమ్మ పటం ఉన్నాయి, చీటీ లేదు. పెద్దాయనకు ఫోను చేసి చెబితే, "ఎప్పుడో చిరిగిపోయింది తల్లీ, చాలా ఏళ్లు ఆ కవరులోనే మడిచి పెట్టుకున్నాడు" అన్నారు.

వచ్చే నెల నాన్న తద్దినం. బాబాయిగారిని కూడా రమ్మని పిలిచాను. పెద్దాయన్ను ఇప్పుడు అలాగే పిలుస్తున్నాం. మోకాళ్లు సహకరిస్తే రైల్లోనే వస్తానన్నారు. మినపప్పు ఇంకో సోలెడు ఎక్కువ నానబోయమని అమ్మతో చెప్పాను.