లీజుదారు వదిలేసిన క్రోమియం మడ్డికి బాధ్యులు ఎవరు?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, తమిళనాడు సరిహద్దు ఊరు. మామిడి తోటలోని షెడ్డును నాలుగేళ్ల లీజుకు స్నేహితుడికిచ్చాను. రాణిపేట వైపు టానరీల (తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాల) నుంచి మడ్డి తెచ్చి, శుద్ధి చేసి, క్రోమియాన్ని మళ్లీ వాళ్లకే అమ్ముతానన్నాడు. నాలుగేళ్ల ఏడు నెలల క్రితం బావి నీళ్లు పసుపెక్కాయి. రెండేళ్ల క్రితం తాళం నాకు పడేసి వెళ్లిపోయాడు. నాన్న పెంచిన చెట్లు ఎండిపోతున్నాయి. మిగిలిన 200 బస్తాలు ఇటుక బట్టీ ఆయన ఉచితంగా తీసుకెళ్తానంటున్నాడు. ఇచ్చేయవచ్చా?

జవాబు: ఒక్క బస్తా కూడా ఇవ్వకండి.

మీ ఉత్తరంలో సగం స్నేహితుడి మోసం గురించే ఉంది. కేసు తేలేది దాని మీద కాదు, ఆ తాళం మీద. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వ్యర్థం ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లూ ‘ఆక్యుపైయర్’ (దానికి బాధ్యత వహించాల్సినవారు) కిందికే వస్తారు. ఇప్పుడది మీ స్వాధీనంలో ఉంది. బట్టీకి పంపితే పంపినవారు మీరే అవుతారు. పైగా మడ్డిలో ఉండే తక్కువ విషపు ట్రైవాలెంట్ క్రోమియం బట్టీ వేడికి క్యాన్సర్ తెచ్చే హెక్సావాలెంట్ రూపంలోకి మారే ప్రమాదం ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా 15 లక్షల రూపాయల దాకా వేయవచ్చు.

క్రోమియాన్ని తిరిగి తీసి వాడటం నేరమేమీ కాదు. టానింగ్‌లో మిగిలిన నీళ్లలో మెగ్నీషియం ఆక్సైడ్ కలిపి, అడుక్కి దిగినదాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి మళ్లీ వాడుతూనే ఉన్నారు. కానీ బయటి నుంచి మడ్డి తెచ్చి ఆ పని చేయాలంటే అవే నిబంధనల్లోని 9వ నిబంధన కింద కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి ఉండాలి. అది చూడకుండా షెడ్డు ఎలా అప్పగించారు? నాలుగేళ్ల లీజును రిజిస్టర్ చేయకుండా వంద రూపాయల స్టాంపు కాగితంతో సరిపెట్టడం ఇంకో తప్పు. ఆ కాగితంతో షరతులు నిరూపించలేరు, అతను అక్కడ ఉన్నాడని మాత్రం చూపగలరు. అద్దె ఫోన్‌పేలో వచ్చిందన్నారు కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి.

ఇక గడువు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద పర్యావరణ వివాదం తేల్చమని అడగడానికి ఇచ్చిన ఆరు నెలలు మీకు ఎప్పుడో దాటాయి. 15వ సెక్షన్ కింద నష్టపరిహారం, భూమి బాగుచేత అడగడానికి ఐదేళ్లుంది. ఆ ఐదేళ్లు స్నేహితుడు వెళ్లిపోయిన రోజు నుంచి కాదు, కారణం మొదట ఏర్పడిన రోజు నుంచి. అంటే మీకు ఐదు నెలలే ఉన్నాయి. ఆ తర్వాత సరైన కారణం చూపితే 60 రోజులు, అంతే. నీళ్లు పసుపెక్కిన రోజు మీరు అతనికి వాట్సాప్‌లో పంపిన ఫోటోయే ఆ తేదీకి సాక్ష్యం. ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌తో కలిపి దాఖలు చేయాలి.

మీరు పచ్చడి సీసాలో పట్టి ల్యాబుకిచ్చిన శాంపిల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ వారంలోనే ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి మీ అంతట మీరే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. బావి శాంపిల్ వాళ్లనే తీసి సీలు వేయమనండి. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. తమిళనాడు బోర్డుకూ ఒక ప్రతి పంపండి. సివిల్ కోర్టు చుట్టూ తిరగకండి, ఈ పరిహారం అక్కడ రాదు. హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచి రెండు రాష్ట్రాలకూ సరిపోతుంది. అక్కడ స్నేహితుడితోపాటు మడ్డి పంపిన టానరీలనూ ప్రతివాదులుగా చేర్చాలి.

ఆ టానరీలేవో బస్తాలే చెప్పాలి. కదిలించకుండా, వాటికి కుట్టిన చీటీలు ఫోటో తీయండి. ప్రమాదకర వ్యర్థాల లారీతో ఏడు రంగుల మ్యానిఫెస్ట్ (వ్యర్థం ఎవరు ఎవరికి పంపారో రాసే పత్రం) కాపీలు ఉండాలి, వాటిలో ఒక్కటైనా షెడ్డులో పడి ఉందేమో వెతకండి. తర్వాత వాన తగలకుండా టార్పాలిన్ కప్పండి. ఆ బావి నీళ్లు పశువులకు కూడా పెట్టకండి.