తాళంతో అద్దాలు దిగడం లేదా? ముందు ఇవి చూడన్నా

అన్నా, మీ పోస్టు చదివా. పాత పెట్రోలు కారుకి రిమోట్ తాళంలో అన్‌లాక్ నొక్కిపట్టుకుంటే లోపలి వేడి పోయేలా నాలుగద్దాలూ దిగేవి, కోటిన్నర పెట్టిన ఎలక్ట్రిక్ కారుకి దిగడంలేదు, షోరూం వాళ్లు "ఈ మోడల్‌కి లేదు సార్" అన్నారని. నాకూ ఒంగోల్లో అదే మాట చెప్పారు. నిజమే కావచ్చు, కానీ అడిగిన వెంటనే లేదనడం వాళ్లకి సులువు.

ముందు స్క్రీన్‌లో తాళాల సెట్టింగులు వెతకండి. కొన్ని కార్లలో ఇది ఆపేసి ఉంటుంది.

అక్కడ ఉన్నా పనిచేయకపోతే, చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఎప్పుడైనా దిగిపోయిందా? ఎలక్ట్రిక్ కారుకీ అది ఉంటుంది. దిగిపోతే అద్దం మోటారు పై అంచు ఎక్కడో మర్చిపోవచ్చు. గుర్తేంటంటే, స్విచ్ గట్టిగా లాగి వదిలినా అద్దం పూర్తిగా ఎక్కదు, చెయ్యి తీసిన చోటే ఆగుద్ది. అప్పుడు స్విచ్ పైకి లాగి, అద్దం మూసుకున్నాక కూడా కొన్ని సెకన్లు అట్నే పట్టుకోండి. నాలుగు తలుపులకీ విడివిడిగా. నాది వెనక ఎడమ తలుపు ఒక్కటే మొరాయించింది, రెండోసారికి దారికొచ్చింది.

ఇంట్లో కూర్చుని ఫోన్‌తో మూయాలంటే మాత్రం చిక్కే. పిల్లల చెయ్యో మెడో ఇరుక్కుంటాయని భయం. అమెరికా వాహన భద్రతా నిబంధన 118 ప్రకారం, అడ్డు తగిలితే దానంతటదే వెనక్కి దిగే ఏర్పాటు లేని అద్దాన్ని మామూలు రిమోట్ 6 మీటర్లు దాటి మూయకూడదు.

రోహిణి కార్తెలో ట్రంకు రోడ్డు మీద ఎండలో ఆపిన బండి చల్లబడాలంటే, షాపులో బిల్లు కట్టేటప్పుడే యాప్‌లో ఏసీ వేసేయండి. నేను అద్దాల సంగతి మానేసి అదే చేస్తున్నా.