వేలిముద్రలు ఆమె పేరు చెప్పాయి, హంతకుడి పేరు ఎందుకు చెప్పలేదు?

'బ్లాక్ డాలియా' హత్య కేసులో మృతురాలెవరో గంటలోపే కనిపెట్టిన అమెరికా అధికారులు దాదాపు ఎనభై ఏళ్లయినా హంతకుణ్ణి ఎందుకు పట్టుకోలేకపోయారని, ఈనాటి సాంకేతికతతోనైనా అది సాధ్యమేనా అని మీరు అడిగారు. నేను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు వేలిముద్రల నిపుణుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. హంతకుడు ఫలానా అనే ఊహల జోలికి పోను కానీ, మీ ప్రశ్నకు చాలావరకు సమాధానం నా వృత్తిలోనే ఉంది కాబట్టి రాస్తున్నాను.

ముందుగా జరిగినది క్లుప్తంగా. 1947 జనవరి 15 ఉదయం లాస్ ఏంజెలెస్ నగరంలోని లైమర్ట్ పార్క్ ప్రాంతంలో, ఇంకా ఇళ్లు కట్టని నార్టన్ అవెన్యూ పక్క ఖాళీ స్థలంలో, మూడేళ్ల కూతురితో నడిచి వెళ్తున్న ఒక గృహిణికి గడ్డిలో ఏదో తెల్లగా కనిపించింది. బట్టల దుకాణంలో నిలబెట్టే బొమ్మను ఎవరో విరిచి పారేశారని ఆమె మొదట అనుకున్నది. అది, పత్రికలు తర్వాత 'బ్లాక్ డాలియా' అని పిలిచిన ఇరవై రెండేళ్ల ఎలిజబెత్ షార్ట్ మృతదేహం. నడుము దగ్గర రెండుగా కోసి, రక్తమంతా పోయేలా చేసి, శుభ్రంగా కడిగి అక్కడ పెట్టారు. గడ్డి మీద రక్తం లేదంటే అది హత్య జరిగిన చోటు కాదని అర్థం. అసలు నేరస్థలం ఏదో ఈనాటికీ తేలలేదు. నేరస్థలం లేని హత్యలో మా వంటివారికి పని సగానికి సగం పోతుంది. తలుపు గొళ్లెం, గ్లాసు, కుళాయి, కత్తి పిడి, వేటి మీద పౌడరు చల్లాలి? పైగా పోలీసులు చుట్టూ తాడు కట్టేలోపే విలేకరులూ చూడవచ్చినవాళ్లూ ఆ గడ్డినంతా తొక్కేశారు.

ఆమె ఎవరో తెలియక వేలిముద్రలు తీశారు. వాటిని వాషింగ్టన్‌లోని ఎఫ్‌బీఐకి తపాలాలో పంపితే ఆలస్యమవుతుందని, 'ఎగ్జామినర్' అనే స్థానిక పత్రిక తన దగ్గరున్న సౌండ్‌ఫోటో యంత్రాన్ని ఇచ్చింది. టెలిఫోన్ తీగ మీద ఫోటోలు పంపే యంత్రం అది, మన ఫ్యాక్సుకు పూర్వీకురాలు అనుకోండి. ముద్రలు అలుక్కుపోయినట్టు చేరినా, ఎఫ్‌బీఐ యాభై ఆరు నిమిషాల్లో పేరు చెప్పింది. ఆ రోజుకు వారి దగ్గర పది కోట్లకు పైగా ముద్రలుండగా, అందులో ఎలిజబెత్‌వి రెండు చోట్ల దొరికాయి. 1943 జనవరిలో ఆమె కాలిఫోర్నియాలోని క్యాంప్ కుక్ సైనిక శిబిరంలో, అంటే ఇప్పటి వాండెన్‌బర్గ్ స్థావరంలో, గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నప్పటివి ఒకటి. అదే ఏడాది శాంటా బార్బరాలో, మద్యం తాగే వయసు రాకుండానే తాగిందని పోలీసులు పట్టుకున్నప్పటివి రెండోది.

కంప్యూటరు లేని కాలంలో, పది కోట్ల ముద్రల మధ్య, గంటలోపు! మా కొత్త ఉద్యోగులకు ఈ సంగతి చెప్పినప్పుడు నమ్మేవారు కాదు. దీని వెనక ఉన్న పద్ధతి మన దేశంలోనే పుట్టింది. కలకత్తాలో బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ దానికి లెక్క కట్టారు. పేరు మాత్రం హెన్రీకే దక్కింది. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి ఫింగర్‌ప్రింట్ బ్యూరో వెలిసింది. పద్ధతి సారాంశం ఇదీ: పది వేళ్లను అయిదు జతలుగా తీసుకుని, ఏ వేలికి సుడి ఉంటే ఆ జతను బట్టి 16, 8, 4, 2, 1 అంకెలు వేస్తారు. ఆ కూడికతో ఒక భిన్నం వస్తుంది. అలా 1024 గదులు ఏర్పడతాయి. ఆ తర్వాత లూపుల్లోని, అంటే ఉచ్చులా వెనక్కి తిరిగే ముద్రల్లోని, గీతలను లెక్కపెట్టి ఒక్కో గదిని మళ్లీ చిన్నచిన్న అరలుగా విడగొడతారు. పది వేళ్ల ముద్రలు చేతికి వస్తే, అనుభవం ఉన్న గుమాస్తా కోట్ల కార్డుల జోలికి పోడు. తిన్నగా ఒక సొరుగు దగ్గరకు నడిచి, గుప్పెడు కార్డులు తీసి భూతద్దం కింద పెడతాడు.

మీ ప్రశ్నకు కీలకం సరిగ్గా ఇక్కడే ఉంది. ఆ సొరుగు తెరుచుకోవాలంటే పది వేళ్లూ కావాలి. హంతకుడు వదిలేది ఒకటో రెండో అసంపూర్ణ ముద్రలు, మేము చాన్స్ ప్రింట్లు అనేవి. అది ఏ చేతిదో, ఏ వేలిదో కూడా కచ్చితంగా తెలియదు. భిన్నమే కట్టలేనప్పుడు ఏ సొరుగు తెరవాలి? అనుమానితుడు ఎదురుగా ఉంటే అతని ముద్రతో పోల్చి అవుననో కాదనో చెప్పగలం, లేకుంటే చేతులు కట్టుకుని కూర్చోవడమే. ఒక్కొక్క వేలి ముద్రను విడిగా వర్గీకరించిన కార్డులు కొన్ని బ్యూరోల్లో లేకపోలేదు కానీ, అవి పేరుమోసిన నేరస్థులవి మాత్రమే. ఎలిజబెత్ పేరును గంటలోపు చెప్పిన ఆ మహా భాండారమే, ఆమెను చంపినవాడివి కావచ్చని అనుకున్న విడి ముద్రల ముందు మూగదైపోయిందనడానికి ఇదీ కారణం.

దీనికి తిరగేసిన అనుభవం ఒకటి నా చేతుల మీదుగా జరిగింది. 1989 నవంబరులో డెల్టా కాలువ లాకుల దగ్గర గుర్తు తెలియని యువతి మృతదేహం తేలింది. వయసు ఇరవై దాటి ఉండదు. మెడ చుట్టూ తాడు బిగించిన గుర్తు. కాళ్లకు మెట్టెలు ఉన్నాయి, ఒక చేతికి నాలుగు ఆకుపచ్చ గాజులు మిగిలాయి. చాలా రోజులు నీటిలో నానితే చేతి పైచర్మం తొడుగులా ఊడి వస్తుంది. అలాంటప్పుడు ముద్ర తీసే పద్ధతి ఒక్కటే: ఆ చర్మాన్ని జాగ్రత్తగా కడిగి, ఆరబెట్టి, రబ్బరు తొడుగు వేసుకున్న మన వేలికి దాన్ని తొడుక్కుని, సిరా పలక మీద, ఆపై కాగితం మీద దొర్లించడం. నేను ఆమె చూపుడువేలిని నా చూపుడువేలికి తొడుక్కున్నాను. అది నా వేలి కంటే చిన్నది, చివర కొంచెం బిగుతుగా పట్టింది. దొర్లించిన తర్వాత కాగితం మీద పడినది చక్కని సుడి. ఉద్యోగంలో వేల ముద్రలు చూశాను, ఆ సుడిని మాత్రం ఇప్పటికీ కళ్లు మూసుకుని గీయగలను.

ఎనిమిది వేళ్లు బాగా వచ్చాయి. పాడైపోయిన రెండు వేళ్లకు ఆర్చి (విల్లులా వంగిన గీతలు) అయితే ఒక సంఖ్య, లూపు అయితే ఒకటి, సుడి అయితే ఒకటి అని వరుసగా ఊహించి, అన్ని సొరుగుల్లోనూ మూడు రోజులు వెతికాం. ఎక్కడా దొరకలేదు. దొరుకుతుందని లోలోపల నేనూ అనుకోలేదు. మన బ్యూరోల్లో అప్పుడు ఉండేవి 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం కింద తీసిన ముద్రలు, అంటే శిక్ష పడినవారివి, అరెస్టయినవారివి. ఉద్యోగానికి దరఖాస్తు చేసినందుకో, చిన్నపాటి తప్పుకో ఏనాడూ ముద్ర వేయని ఇరవై ఏళ్ల పల్లెటూరి పిల్ల ఆ బీరువాల్లో ఎందుకుంటుంది? ఇక దర్యాప్తు చేసే ఠాణా వారు ఆమె ఫోటో ఉన్న కరపత్రాన్ని పొరుగు జిల్లాలకు పంపేసరికి మూడు వారాలు గడిచిపోయాయి. ఆ ఫోటోలో ముఖం కన్నవారు కూడా పోల్చుకోలేనట్టుగా ఉంది. ఆమె వేలిముద్రల స్లిప్పు మీద పేరు రాసే చోట 'గుర్తు తెలియని స్త్రీ' అనీ, కింద క్రైమ్ నంబరూ మాత్రమే మిగిలాయి. మృతురాలెవరో తేలకపోతే భర్త ఎవరు, తగువు ఎవరితో, చివరిసారి ఎవరితో కనిపించింది అనే ప్రశ్నలు అడగడానికే మనిషి ఉండడు. ఆ కేసు అలాగే మూతపడింది.

2014లో ఫ్రీమాంట్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గర మూడు నెలలు గడిపినప్పుడు, ఒక ఆదివారం ఆమెను పోరుపెట్టి ఓక్లాండ్‌లోని మౌంటెన్ వ్యూ శ్మశానానికి తీసుకువెళ్లాను. ఎలిజబెత్ సమాధి అక్కడే ఉంది. చిన్న రాయి. 'కుమార్తె' అనే మాట, పేరు, 1924 జులై 29, 1947 జనవరి 15 అనే తేదీలు. పత్రికలు ప్రచారం చేసిన ఆ నల్లపువ్వు పేరు రాయి మీద లేదు. "అమెరికా వచ్చి చూసేది ఇదా నాన్నా!" అని మా అమ్మాయి విసుక్కుంది. కాలువ దగ్గరి సంగతి ఆమెకు ఆ రోజు కారులోనే మొదటిసారి చెప్పాను.

పత్రికల విషయం వచ్చింది కాబట్టి ఒక మాట. మసాచుసెట్స్‌లో ఉన్న ఎలిజబెత్ తల్లికి 'ఎగ్జామినర్' విలేకరులు ఫోన్ చేసి, మీ అమ్మాయి అందాల పోటీలో గెలిచిందని అబద్ధం చెప్పి, ఆమె నుంచి వివరాలన్నీ రాబట్టుకున్న తర్వాతే హత్య సంగతి చెప్పారు. గుర్తింపు కోసం యంత్రం ఇచ్చిన పత్రికే ఈ పనీ చేసింది. సహాయాన్నీ క్రూరత్వాన్నీ ఒకే చేత్తో చేయవచ్చని నాకు ఆ కేసు చదివినప్పుడు తెలిసింది. నేనే చంపానంటూ యాభై మందికి పైగా వచ్చి ఒప్పుకోవడానికి కూడా ఈ ప్రచారపు హోరే కారణమని నా అభిప్రాయం. ఒక్కొక్క అబద్ధాన్నీ కొట్టివేయడానికి డిటెక్టివులకు రోజులు పట్టి ఉంటాయి.

ఇప్పుడు ఉత్తరం సంగతి. జనవరి 24న తపాలా అధికారుల కంట ఒక కవరు పడింది. 'ఎగ్జామినర్'కూ మిగతా లాస్ ఏంజెలెస్ పత్రికలకూ అంటూ, ముద్రిత కాగితాల నుంచి అక్షరాలు కత్తిరించి అతికించి పంపినది. ఇవి డాలియా వస్తువులు, ఉత్తరం తర్వాత వస్తుంది అని అందులో ఉంది. లోపల ఎలిజబెత్ జనన ధ్రువపత్రం, ఫోటోలు, పరిచయ కార్డులు, చిరునామాల పుస్తకం. అన్నిటినీ పెట్రోలుతో తుడిచారు. పంపినవాడికి వేలిముద్రల భయం ఉందన్నమాట. అజ్ఞాత ఉత్తరం ఒకదాని మీద దొరికిన ముద్రలను ఎఫ్‌బీఐ తన దస్త్రాల్లో వెతికి, లేవని చెప్పింది. ఆ 'లేవు' అన్న మాటను ఎలిజబెత్ విషయంలో 'ఉన్నాయి' అన్న మాటతో సమానంగా తూచకూడదు. పది వేళ్లతో వెతికి లేవంటే నిజంగానే లేవు. విడి ముద్రలతో వెతికి లేవంటే, వెతకగలిగిన కొద్దిచోట లేవనే అర్థం.

పెట్రోలుకు కూడా ఒక పరిమితి ఉంది. అది వేలి జిడ్డును కరిగించేస్తుంది కాబట్టి, జిడ్డును పట్టుకునే అయోడిన్ పొగ ఆ కాగితం మీద పనిచేయదు. చెమటలోని ఉప్పునూ అమైనో ఆమ్లాలనూ మాత్రం పెట్రోలు కరిగించలేదు, అవి కాగితపు పీచులోకి ఇంకిపోయి ఉంటాయి. ఉప్పును చూపించే సిల్వర్ నైట్రేట్ 1947లోనే ఉంది. అమైనో ఆమ్లాలను ఊదారంగులో పైకి తెచ్చే నిన్‌హైడ్రిన్‌ను వేలిముద్రలకు వాడవచ్చని కనిపెట్టింది మాత్రం 1954లో. ఏడేళ్ల తేడా. నా సర్వీసులో నిన్‌హైడ్రిన్ కొట్టిన పాత ప్రామిసరీ నోట్ల మీద ఏళ్ల నాటి ముద్రలు ఊదాగా లేచి రావడం ఎన్నిసార్లో చూశాను.

ఒక్క ముద్రతో కోట్ల ముద్రల్లో వెతికే కంప్యూటరు వచ్చాక ఏం జరిగిందో అదే నగరం చూసింది. 1985లో లాస్ ఏంజెలెస్‌ను వణికించిన వరుస హంతకుడు 'నైట్ స్టాకర్' రిచర్డ్ రమిరెజ్‌ను, దొంగిలించిన కారులో దొరికిన ముద్రతో కాలిఫోర్నియా కొత్తగా పెట్టుకున్న యంత్రం నిమిషాల్లో పట్టించింది. మన దేశంలో రాష్ట్రాలన్నిటినీ కలిపే నఫీస్ అనే వేలిముద్రల కంప్యూటరు వ్యవస్థ 2022లో వచ్చింది.

అయితే ఈ రోజు బ్లాక్ డాలియా ముద్రను యంత్రంలో పెడితే తేలిపోతుందా? నాకు పెద్ద ఆశ లేదు. హంతకుడు 1947లో ముప్ఫై ఏళ్లవాడైతే, కార్డులను కంప్యూటరుకు ఎక్కించే నాటికి డెబ్బైకి దగ్గర పడి ఉంటాడు. చనిపోయినవారివీ, బాగా వయసు మీరినవారివీ కార్డులు ఏరివేయడం బ్యూరోల్లో మామూలే. తన తండ్రి జార్జ్ హోడెల్ అనే వైద్యుడే హంతకుడని లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలోనే పనిచేసిన మాజీ డిటెక్టివ్ ఒకరు ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చారు. 1950లో పోలీసులు ఆ వైద్యుడి ఇంట్లో రహస్యంగా మైకులు పెట్టి విన్న మాట నిజమే. కానీ అభియోగం ఎన్నడూ మోపలేదు, ఆయన 1999లో చనిపోయారు.

ఒకవేళ ఆ కవరును నా ముందు పెట్టి ఒకే ఒక పరీక్షకు అనుమతిస్తే, పైభాగాన్ని ముట్టుకోను. దానిని పంపినవాడు తుడిచాడు, తపాలా వారు, విలేకరులు, పోలీసులు పట్టుకున్నారు. కత్తిరించిన అక్షరాలను ఒక్కొక్కటిగా ఆవిరి పట్టి ఊడదీసి, వాటి వెనక జిగురు పూసిన వైపు చూస్తాను. చిన్న కాగితపు ముక్కకు జిగురు రాసి అతికించేటప్పుడు వేలి కొనతో పట్టుకోకుండా ఉండటం ఎంత జాగ్రత్తపరుడికైనా కష్టం, ఆ మీదట పెట్రోలు గుడ్డ తుడిచేది అక్షరం పైవైపునే.