1956 ఒప్పందం మీద 2009 విద్యార్థులకు అంత కోపం ఎందుకు?

"యాభై ఏళ్ల కిందటి పెద్దమనుషుల ఒప్పందం కోసం కాలేజీ పిల్లలు రోడ్డెక్కడమేంటి, నాయకులు రెచ్చగొట్టడం కాకపోతే?" అని అడిగారు. అప్పుడు నేను ఉస్మానియాలో పీజీ చదువుతున్నాను. నేను చూసింది చెప్తాను.

మా హాస్టల్లో లొల్లి మొదలైంది 14-ఎఫ్‌తో. సగం గదుల్లో ఎస్ఐ కొలువుకు చదివేవాళ్లే. ఉద్యోగాల్లో ఏ ప్రాంతం వాళ్లు ఎక్కడ స్థానికులో జోన్లుగా విడగొట్టిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హైదరాబాద్ ఆరో జోన్‌లో ఉండేది. కానీ అదే ఉత్తర్వులోని 14-ఎఫ్ నిబంధన ప్రకారం నగర పోలీసు ఉద్యోగాలకు స్థానిక రిజర్వేషన్ వర్తించేది కాదు. 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్నే ఆధారం చేసుకుని ఆ పోలీసు ఉద్యోగాల విషయంలో హైదరాబాద్ ఫ్రీజోన్ అని, అంటే ఏ ప్రాంతం వాళ్లయినా పోటీపడొచ్చని తీర్పిచ్చింది. తెల్లారగట్ల గ్రౌండ్‌లో ఉరికి, పగలంతా లైబ్రరీలో కూర్చునే పిల్లగానికి ఆ తీర్పు అర్థం కావడానికి ఏ నాయకుడి ఉపన్యాసమూ అక్కర్లేదు.

అక్కడి నుంచే వెనక్కి చదవడం మొదలుపెట్టాం. 1985 డిసెంబరులో 610 జీవో వచ్చింది. తెలంగాణ జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వాళ్ల జోన్లకు పంపాలని అందులో ఉంది. గడువు దాటిపోయింది. ఆ అమలు ఎంతవరకొచ్చిందో చూడమని 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. ఇంకా వెనక్కిపోతే, ఆంధ్ర, తెలంగాణ కలిసే ముందు రెండు వైపుల నాయకులు చేసుకున్న 1956 ఫిబ్రవరి పెద్దమనుషుల ఒప్పందం: ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచైతే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలి. తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు. ప్రతిసారీ హామీ రాసే ఇచ్చారు, సంతకాలూ చేశారు. మా కోపమంతా అందుకే. వెనుకబడ్డామన్న బాధ కన్నా, రాసిచ్చిన మాట తప్పారన్నదే మమ్మల్ని ఎక్కువ కాల్చింది.

మా నాయన 1969లో తొమ్మిదో తరగతి. పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల దగ్గర రాజుకున్న గొడవ తెలంగాణ అంతా పాకి, ఆయన చదువు ఏడాది ఆగిపోయింది. నేను 610 గురించి చెప్తే "మా అప్పుడూ ఇట్లనే జీవోలిచ్చిన్రు బిడ్డా" అన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం క్యాంపస్‌లో చాలామందితో నాకు పేచీ ఉండేది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు (తెలంగాణలో సర్కారు కొలువులు స్థానికులకే అన్న నిజాం కాలపు నియమాలు) చెల్లుతాయనగానే కోస్తా, రాయలసీమ విద్యార్థులు ప్రత్యేక ఆంధ్ర కావాలని జై ఆంధ్ర అంటూ లేచారు. అక్కడా కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సొంత రాజధానిలో ఉద్యోగానికి పనికిరామా అన్నది వాళ్ల బాధ. అది కూడా నిజమైన బాధే. ఇరువైపుల పిల్లల్నీ ఎదురెదురుగా నిలబెట్టింది అమలు చేయని విధానమే. అందుకే మనుషుల మీదికి పోయే నినాదం వచ్చినప్పుడల్లా నేను గొంతు కలపలేదు.

ఇంకో మాట. 2009 నవంబరు 29న ఎల్బీనగర్‌లో శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు, డిసెంబరు 3న చనిపోయాడు. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని డిసెంబరు 9 రాత్రి కేంద్రం ప్రకటిస్తే ఆర్ట్స్ కాలేజీ ముందు ఆడిపాడాం. 23న మాట మార్చారు. ఆ తర్వాత ఇంకెందరో తమ్ముళ్లు అదే దారిన పోయారు. వాళ్లను త్యాగమూర్తులని పొగిడి ఊరుకోవడం నాకు నచ్చదు. వాళ్లు బతికి ఉండి 2014 జూన్ 2 చూడాల్సింది.

రాష్ట్రం వచ్చాక 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, 95 శాతం స్థానికులకే అన్నారు. దాని కింద ఉద్యోగుల్ని జిల్లాలకు పంచేందుకు 2021 డిసెంబరులో 317 జీవో ఇచ్చి, స్థానికత కన్నా సీనియారిటీనే చూశారు. హాస్టల్లో నా పక్క మంచం మిత్రుడు ఇప్పుడు టీచరు, సర్వీసు తక్కువని సొంత జిల్లా వదలాల్సొచ్చింది. మొన్న ఫోన్లో అడిగాడు: "610 కోసం కొట్లాడినోళ్లమే గదనే, మరి నా లోకల్ ఏమాయె?"