ఫోన్‌లో మంత్రం పెట్టేస్తే సరిపోతుందా?

ప్రశ్న: అయ్యవారూ, నమస్కారం. ఈమధ్యే మా ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు. షుగర్ కూడా ఉంది. ఒకటే టెన్షన్. పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్‌లో మృత్యుంజయ మంత్రం పెట్టే ఉంచుతున్నాను. నేనే చదువుదామంటే అక్షరం తప్పితే కీడని మా వదిన భయపెడుతోంది. తెలిసినాయన ఒకరు నలభై వేలిస్తే లక్షా పాతిక వేల జపం చేయిస్తానని, ఆ తర్వాత మాత్రలు కూడా అక్కర్లేదని అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: ముందు ఆ నలభై వేల సంగతి. ఇవ్వొద్దమ్మా. జపం చేయించుకోవడం తప్పని కాదు, మాత్రలు అక్కర్లేదన్న మనిషి చేత వద్దంటున్నాను. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంటే మూసుకుపోవచ్చు.

మన శాస్త్రమూ అలా చెప్పలేదు. ఆయుర్వేద గ్రంథం చరకసంహిత చెప్పిన చరకుడు చికిత్సను మూడు రకాలుగా విడదీశాడు. మంత్రం, జపం, దానం లాంటివి దైవవ్యపాశ్రయం. మందు, పథ్యం యుక్తివ్యపాశ్రయం. మనసును చెడ్డవాటి నుంచి మళ్లించడం సత్త్వావజయం. జ్వరచికిత్స అధ్యాయంలో విష్ణువును వెయ్యి నామాలతో స్తుతిస్తే జ్వరాలు పోతాయని రాసిందీ ఆయనే, అదే అధ్యాయంలో లంఘనాలూ కషాయాలూ వివరంగా చెప్పిందీ ఆయనే. నామం చదువుతున్నాడు కదా అని రోగికి కషాయం ఆపమనలేదు. మా నాన్న మాత్ర చేతిలోకి తీసుకుని, ‘ఔషధం జాహ్నవీతోయం వైద్యో నారాయణో హరిః’ (మందే గంగాజలం, వైద్యుడే నారాయణుడు) అని అప్పుడు నోట్లో వేసుకునేవారు.

ఇక మీ వదిన భయం. దానికి మూలం ఉంది లెండి. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ త్వష్ట అనే దేవశిల్పి ‘ఇంద్రశత్రు’ అన్న మాటలో స్వరం, అంటే అక్షరాన్ని ఎత్తి దించి పలికే తీరు, తప్పాడు. ‘ఇంద్రుణ్ణి చంపేవాడు’ అనాల్సింది ‘ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు’ అయింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. వేదం పలికే తీరు చెప్పే పాణినీయ శిక్ష ఈ ఉదాహరణే ఇస్తుంది. అయితే అది యజ్ఞంలో పలికే వేదమంత్రం మాట. మృత్యుంజయ మంత్రం కూడా ఋగ్వేదం ఏడో మండలంలోది, దానికి స్వరం ఉంది. చదవాలనుంటే స్వరం తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి. స్తోత్రాలకు ఆ చిక్కు లేదు. విష్ణుసహస్రనామం మహాభారతంలోది, రోగంతో బాధపడేవాడికి రోగం నుంచి విడుదల అని ఫలశ్రుతిలోనే ఉంది. మా జిల్లా మంత్రాలయంలో ‘పూజ్యాయ రాఘవేంద్రాయ’ అంటూ ప్రదక్షిణలు చేసేవాళ్లను చూడండి, కన్నడంవాళ్లది ఒక యాస, తమిళంవాళ్లది ఒక యాస, మనది ఇంకొకటి. ఎవరూ ఎవర్నీ ఆపి దిద్దరు. కర్నూలులో నా దగ్గర మార్కుల కోసమే సంస్కృతం తీసుకున్న ఇంటర్ పిల్లలు కూడా విసర్గ బాగానే పలికేవాళ్లు. మీకు రాకపోవడమేంటి!

ఫోన్ విషయానికొస్తే, రోజంతా మోగితే అది ఫ్యాను చప్పుడైపోతుంది, ఎవరూ వినరు. మీ ఆయననే సహస్రనామం పలకమనండి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. మంత్రం పలికినా, క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో పలికినా ఊపిరి నిమిషానికి ఆరు సార్ల దగ్గరికి నెమ్మదించిందనీ, రక్తపోటును సర్దే ఏర్పాటు శరీరంలో మెరుగ్గా పనిచేసిందనీ చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసిన చిన్న పరిశీలన అది, గుండెజబ్బు నయమవుతుందని అందులో లేదు. కానీ పలికిన నోటికే ఆ నెమ్మది దక్కిందన్నది గమనించండి. సగం శ్లోకానికి ఒక ఊపిరి చాలు. బిగబట్టొద్దు, ఆయాసం వస్తే ఆపేయాలి. గట్టిగా చదివే ఓపిక లేకపోతే పెదవులు మాత్రం కదిలేలా చెప్పుకోవచ్చు. దాన్ని ఉపాంశు జపం అంటారు, పైకి చదివేదానికంటే అదే మేలని మనుస్మృతి చెబుతుంది.

ప్రశ్న: మా అమ్మ మంచం పట్టింది. స్నానం చేయకుండా నామం చెప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ధర్మరాజుకు సహస్రనామం చెప్పేటప్పుడు భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు నాయనా! నిరభ్యంతరంగా చెప్పుకోమనండి. నోరు తిరగకపోతే మీరు పక్కన కూర్చుని ‘అచ్యుత, అనంత, గోవింద’ అనండి, అంతే చాలు. నిద్రపోతుంటే మాత్రం జపం కోసమని లేపొద్దు.